మాంసం ఓడలకిచ్చి బోటీ వండుకున్న ఊరు: పోర్టో గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పోర్చుగల్ అనగానే మనవాళ్లకు లిస్బన్, వాస్కో ద గామా, గోవా గుర్తొస్తాయి. ఉత్తరాన, డౌరో నది అట్లాంటిక్ సముద్రంలో కలిసే చోట గుట్టల మీద మెట్లు మెట్లుగా నిలిచిన పోర్టో ఆ వరసలో చివరికి గానీ రాదు. వచ్చాక మాత్రం ప్రశ్నలు ఒకదాని వెనక ఒకటి పుట్టుకొస్తాయి. వాటిలో ఎక్కువగా వినిపించే వాటికి ఇక్కడ జవాబులు రాశాను.

పోర్టో, ఒపోర్టో: ఇవి రెండు ఊళ్లా, ఒకటేనా?

ఒకటే. పోర్చుగీసులో 'పోర్టో' అంటే రేవు. ఆ భాషలో ఈ ఊరి పేరు ముందు 'ఓ' అనే చిన్న మాట చేరుతుంది. 'ఓ పోర్టో' అంటే 'ఆ రేవు' అన్నట్టు. ఇంగ్లిష్ వర్తకుల చెవిలో రెండు మాటలూ కలిసిపోయి 'ఒపోర్టో' అయింది. పాత పటాల్లో ఆ పేరే కనిపిస్తుంది. ఊరివాళ్లు పలికితే చివరి ఓకారం ఉకారంలోకి జారి 'పోర్తు' అని వినిపిస్తుంది. తెలుగులో పోర్టో అని అలవాటైంది కాబట్టి నేనూ అలాగే రాస్తున్నాను.

దేశానికే ఈ ఊరి పేరు వచ్చిందంటారు. నిజమా?

నిజమే. రోమన్ల కాలంలో ఈ నదీముఖం దగ్గర కాలె అనే స్థావరం ఉండేది. దాని రేవు 'పోర్తుస్ కాలె'. 868లో విమారా పెరెస్ అనే ప్రభువు దాన్ని ముస్లిం పాలకుల నుంచి గెలుచుకున్నాక, చుట్టూ ఏర్పడిన సీమ మొత్తానికీ ఆ రేవు పేరే నిలిచింది. ఆ సీమ పన్నెండో శతాబ్దంలో రాజ్యమైంది, పోర్తుకాలె కాస్తా పోర్చుగల్ అయింది. ఆ కాలె నదికి ఏ గట్టున ఉండేదన్నది మాత్రం తెగని వాదం.

పేరిచ్చిన ఊరికి రాజధాని హోదా దక్కలేదు. 1120లో దోనా తెరేజా రాణి ఊరిని ఊగో అనే బిషప్పుకు రాసిచ్చింది. ఆ తర్వాత కొన్ని వందల ఏళ్లు బిషప్పులకూ వర్తకులకూ సుంకాల మీద గొడవలే. వర్తకులు ఎంత మొండివాళ్లంటే, ప్రభువంశాలవాళ్లు ఊళ్లో స్థిరపడకూడదని రాజుల దగ్గర కట్టడి కూడా సాధించుకున్నారు. పోర్టోలో రాజభవనాలు వెతికి నిరాశపడేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఇక్కడ ఆడంబరమంతా చర్చీలదీ, వర్తకులదీ. పందొమ్మిదో శతాబ్దంలో వర్తక సంఘం కట్టుకున్న బోల్సా భవనంలో అరబ్బు శైలి హాలు ఒకటుంది. గోడలూ పైకప్పూ బంగారు పూతతో మెరిసిపోతుంటే, ఇది ఏ సుల్తానుదో అనుకుంటాం. లెక్కల పుస్తకాలు రాసుకునేవాళ్లది!

ఊరివాళ్లను 'పేగులు తినేవాళ్లు' అని ఎందుకంటారు?

అది తిట్టు కాదు, వాళ్లే చెప్పుకొనే బిరుదు. పోర్చుగీసు మాట 'త్రిపెయిరు'.

1387లో జువావు రాజు ఇంగ్లండ్ రాచకన్య ఫిలిప్పాను పోర్టోలో పెళ్లాడాడు. వాళ్ల కొడుకు హెన్రీ 1394లో ఈ ఊళ్లోనే పుట్టాడు. తర్వాతి కాలం 'నావికుడు హెన్రీ' అన్నది అతన్నే. 1415లో ఉత్తర ఆఫ్రికాలోని సెవుతా మీదికి దండయాత్రకు పోర్టోలో ఓడలు సిద్ధం చేశారు. ఊళ్లో ఉన్న పశువులన్నిటినీ కోసి, మాంసానికి ఉప్పు పట్టించి ఓడలకు ఎక్కించి, మిగిలిన బోటీ మాత్రం ఊరివాళ్లు వండుకున్నారని కథ. ఎంతవరకు చరిత్రో, ఎంతవరకు కల్పనో విడదీయడం కష్టం. ఊరు మాత్రం దాన్ని మనసారా నమ్ముతుంది.

ఆ వంటకం ఇప్పటికీ హోటళ్లలో దొరుకుతుంది. బోటీ, తెల్ల చిక్కుడు గింజలు, కారెట్టు, మసాలా దట్టించి పొగబెట్టిన పంది మాంసం, పక్కన తెల్లన్నం. మట్టిపాత్ర మూత తీయగానే ముందు జీలకర్ర వాసన వస్తుంది. హైదరాబాదులో బోటీ కూర తిని పెరిగినవాళ్లకు ఇదేమీ వింతగా ఉండదు. కారం లేదని బాధపడతారేమో.

నాకు ఈ ఊరు నచ్చడానికి మొదటి కారణం ఈ కథే. మంచి ముక్క ఎవరికో ఇచ్చేయడం, మిగిలినదాన్ని పొయ్యి మీద పెట్టి దానికే తన పేరు పెట్టుకోవడం దీనికి అలవాటు. పేరు దేశానికిచ్చింది, మాంసం ఓడలకిచ్చింది, వైన్ ఇంగ్లిష్‌వాళ్లకిచ్చింది.

'అజేయ నగరం' అనే బిరుదు ఎలా వచ్చింది?

అన్నదమ్ముల తగాదా వల్ల. బ్రెజిల్ మొదటి చక్రవర్తి పెద్రో, పోర్చుగల్ సింహాసనం తన చిన్న కూతురు మరియాకు దక్కాలన్నాడు. తమ్ముడు మిగెల్ 1828లో తానే ఎక్కి కూర్చున్నాడు. రాజ్యాంగం కావాలన్నవాళ్లు అన్న వైపు చేరారు, రాజు మాటే శాసనం అన్నవాళ్లు తమ్ముడి వైపు చేరారు. పోర్టో ఎటో ముందే తేలిపోయింది. 1820 ఆగస్టు 24న రాజ్యాంగం కోసం తిరుగుబాటు మొదలైంది ఇక్కడే.

పెద్రో 1831లో బ్రెజిల్ కిరీటాన్ని కొడుక్కి వదిలి వచ్చాడు. అజోర్స్ దీవుల్లో సైన్యాన్ని కూర్చుకొని, 1832 జులై 8న పోర్టోకు ఉత్తరాన తీరంలో దిగి, మర్నాడు ఊళ్లోకి వచ్చాడు. తర్వాత తమ్ముడి సైన్యం ఊరిని చుట్టుముట్టింది. ఏడాదికి పైగా ముట్టడి. ఎదుటి గట్టున కొండ మీది పిలార్ మఠం ఒక్కటే పెద్రో మనుషుల చేతిలో మిగిలింది. లోపల ఆకలి, కలరా, టైఫస్. అయినా ఊరు లొంగలేదు. 1833 ఆగస్టులో వెనుదిరిగే ముందు మిగెల్ సైన్యం ఎదుటి గట్టున గిడ్డంగులకు నిప్పు పెట్టింది. వేల పీపాల వైన్ నదిలోకి పారింది.

మర్నాటి ఏడాదే, 1834 సెప్టెంబరులో, పెద్రో చనిపోయాడు. తన గుండెను పోర్టోకు ఇవ్వమని చెప్పి పోయాడు. ఇది మాటవరసకు చెప్పింది కాదు. గుండెను నిజంగానే తీసి, గాజుపాత్రలో రసాయనంలో ఉంచి లాపా చర్చిలో భద్రపరిచారు. ఆ అర తెరవాలంటే ఐదు తాళంచెవులు కావాలి. 2022లో బ్రెజిల్ స్వాతంత్ర్యానికి రెండు వందల ఏళ్లు నిండినప్పుడు, ఆ గుండెను విమానంలో బ్రెజిల్‌కు అరువు పంపి, మళ్లీ తెచ్చుకున్నారు. ఆయన అస్థికలు సావో పాలోలో ఉన్నాయి, గుండె ఇక్కడ ఉంది.

నది ఒడ్డున గోడ దగ్గర ఎప్పుడూ కొవ్వొత్తులు వెలుగుతుంటాయి. అదేమిటి?

రిబెయిరా అనే నదీతీరపు పేటలో నడుస్తుంటే, హోటళ్ల గొడుగుల వరసల మధ్య గోడకు బిగించిన నల్లబడిన కంచు ఫలకం కనిపిస్తుంది. దగ్గరికి వెళ్తే అందులో జనం. తోసుకుంటూ, పడిపోతూ, పిల్లల్ని పైకెత్తి పట్టుకుంటూ. కింద మైనం కారి గడ్డకట్టిన చారలు, నాలుగైదు దీపాలు, ఒక్కోసారి పూలు.

1809 మార్చి 29న నెపోలియన్ సేనాని సుల్ట్ సైన్యం ఊళ్లోకి దూసుకొచ్చింది. అప్పట్లో నది దాటడానికి పడవలను పక్కపక్కన గొలుసులతో కట్టి, పైన పలకలు పరిచిన వంతెన ఒక్కటే ఉండేది. ప్రాణభయంతో జనమంతా ఒక్కసారిగా దాని మీదికి ఎగబడ్డారు. వంతెన తెగింది. వెనక నుంచి తోసుకొచ్చేవాళ్లకు ముందు ఏమైందో తెలియదు. నదిలో పోయినవాళ్లు వేలల్లో ఉంటారంటారు. లెక్క ఎవరు రాసుకోగలరు?

ఆరు వారాలు గడిచాక, మే 12న, ఆర్థర్ వెల్లెస్లీ నాయకత్వంలో ఇంగ్లిష్ సైన్యం వైన్ మోసే పడవలు సంపాదించి నది దాటి ఫ్రెంచివాళ్లను తరిమింది. 1799లో టిప్పు మీద శ్రీరంగపట్నం యుద్ధంలో ఉన్నది, 1803లో అస్సాయేలో మరాఠాలతో పోరాడింది ఈ వెల్లెస్లీయే. మన చరిత్ర పాఠాల్లో చదివి వదిలేసిన మనిషి ఇక్కడ మళ్లీ ఎదురవుతాడు.

ఆ దీపాలు పర్యాటకుల కోసం పెట్టినవి కావు. ఫొటో తీసుకున్నా, కాస్త పక్కకు జరిగి తీసుకోండి.

పోర్టోలో ఎన్ని వంతెనలున్నాయి? ఐఫెల్ కట్టింది ఏది?

డౌరో మీద ఆరు ఉన్నాయి. మెట్రో కోసం మరోటి కడుతున్నారు. ఐఫెల్ పేరు అందరూ రెండంతస్తుల లూయిస్ వంతెనకు అంటగడతారు గానీ అది పొరపాటు. 1877 నాటి మరియా పియా రైలు వంతెన ఐఫెల్ సంస్థది. అప్పుడు ఆ సంస్థలో భాగస్వామిగా ఉన్న తెయోఫిల్ సెయ్‌రిగ్ తర్వాత విడిపోయి, మరో కంపెనీ తరఫున లూయిస్ వంతెన గీశాడు. అది 1886లో తెరుచుకుంది. ఇనుప కమాను నిడివి 172 మీటర్లు. పై అంతస్తులో 2005 నుంచి మెట్రో తిరుగుతుంది. కింది అంతస్తు అంచున వేసవిలో పిల్లలు నిలబడి, పర్యాటకులు ఇచ్చే చిల్లరకు నదిలోకి దూకుతుంటారు. చూడటానికి సరదాగా ఉన్నా, వాళ్లను పురికొల్పకపోవడం మంచిది.

ఈ నదిలో ప్రవాహం తక్కువదేమీ కాదు. దుకి ద రిబెయిరా అని పేరుపడ్డ పడవవాడు దెయోక్లెసియాను మొంతెయిరు జీవితమంతా మునిగిపోయేవాళ్లను బయటికి లాగుతూ, లాగలేకపోయినవాళ్ల శవాలు వెతికి తెస్తూ గడిపాడు. ఆయన పేరుతో వంతెన మొదట్లో ఫలకం ఉంది. చక్రవర్తి గుండెకు ఐదు తాళాలు వేసుకున్న ఊరు పడవవాడిని కూడా మరిచిపోలేదు.

మిగతావాటిలో 1963 నాటి అర్రాబిదా చూడదగ్గది. ఎద్గార్ కార్దోజు గీసిన 270 మీటర్ల కాంక్రీటు కమాను అది.

పోర్ట్ వైన్ పోర్టోలోనే తయారవుతుందా?

కాదు. ఈ ఊరికి పేరు తెచ్చిన సరుకు ఊళ్లో పండదు, ఊళ్లో నిలవ ఉండదు. ద్రాక్ష పండేది తూర్పున, డౌరో లోయ ఎగువన, పలకరాతి కొండల మీద మెట్లు మెట్లుగా కట్టిన తోటల్లో. పీపాల్లో ముదిరేది నదికి అవతలి గట్టున ఉన్న గాయాలో. మన పిండప్రదానాల గయ కాదు. విలా నోవా ద గాయా అనే వేరే మునిసిపాలిటీ. జనాభాలో అది పోర్టో కంటే పెద్దది కూడా. ఉత్తరం వైపు తిరిగిన వాలు కాబట్టి చల్లగా ఉండటం ఒక కారణం, పోర్టో బిషప్పు సుంకాలు తప్పించుకోవడం మరో కారణం అంటారు. 1986 వరకు ఎగుమతయ్యే పోర్ట్ అంతా గాయా నుంచే వెళ్లాలన్న నియమం ఉండేది.

తయారీలో కిటుకు ఒక్కటే. ద్రాక్షరసం పులియడం సగంలో ఉండగా దానిలో ఘాటైన ద్రాక్ష సారాయి పోస్తారు. దాంతో పులిసే పని ఆగిపోతుంది. మద్యంగా మారని చక్కెర అలాగే మిగులుతుంది. అందుకే పోర్ట్ తియ్యగానూ ఉంటుంది, మామూలు వైన్ కంటే గట్టిగానూ ఉంటుంది. సెప్టెంబరు కోతల్లో కొన్ని తోటల్లో ఇప్పటికీ రాతి తొట్లలో పళ్లు పోసి మోకాలి లోతున కాళ్లతో తొక్కుతారు. గింజ నలగకుండా తొక్క మాత్రం నలగాలంటే మనిషి పాదానికి మించిన యంత్రం లేదని వాళ్ల నమ్మకం.

ఇంగ్లండ్‌కు ఫ్రాన్సుతో పడని రోజుల్లో ఈ వైన్‌కు గిరాకీ పెరిగింది. 1703 ఒప్పందంతో సుంకం తగ్గి ఇంకా పెరిగింది. కల్తీ కూడా వెంటే వచ్చింది. 1756లో ప్రధాని పొంబాల్ మార్క్విస్ ఒక కంపెనీ పెట్టి, ఏ నేలలో పండిన ద్రాక్షతో పోర్ట్ చేయాలో హద్దురాళ్లు పాతించాడు. సాగు ప్రాంతానికి చట్టప్రకారం గీసిన ప్రపంచపు తొలి హద్దుల్లో అదొకటి. కల్లు దుకాణాల వంటి చిన్న మద్యం కొట్లు నడుపుకొనేవాళ్లకు మాత్రం ఆ కంపెనీ గుత్తాధిపత్యం గొంతు మీద కత్తి అయింది. 1757లో వాళ్లు వీధికెక్కారు. పొంబాల్ కొందరిని ఉరి తీయించాడు. గాయా గిడ్డంగులు చూపించే యాత్రల్లో హద్దురాళ్ల గురించి చెబుతారు, ఉరికంబాల దగ్గరికి వచ్చేసరికి తొందరపడతారు.

తెలుగు 'పీపా'కు, అక్కడి పీపాకు సంబంధం ఉందా?

అదే మాట. డౌరో వైన్ లెక్క ఇప్పటికీ 'పిపా'ల్లోనే నడుస్తుంది. ఎగువ డౌరోలో ఒక పిపా అంటే 550 లీటర్లు. పోర్చుగీసు ఓడలతో పాటు మన తీరాలకు వచ్చి తెలుగులో స్థిరపడిన మాటల్లో అదొకటి. తువ్వాలు, అలమారు, మేస్త్రీ, వేలం, అనాస కూడా ఆ దారినే వచ్చాయి. గాయాలోని గిడ్డంగిలో మసకచీకట్లో, తేమ వాసన మధ్య, మార్గదర్శి పీపాను అరచేత్తో తట్టి 'పిపా' అన్నప్పుడు తెలుగువాళ్లకు అనువాదం అక్కర్లేదు.

ఈ పీపాలను ఎగువ నుంచి దింపిన పడవల పేరు రబేలు. అడుగు బల్లపరుపుగా, ఒకే చతురస్రపు తెరచాపతో, వెనక చాలా పొడవైన చుక్కానితో ఉంటాయి. రైలు వచ్చాక వాటి పని తగ్గింది. నదికి ఆనకట్టలు కట్టాక పూర్తిగా ఆగింది. ఇప్పుడు ఒడ్డున కట్టేసి ఉన్నవి వైన్ కంపెనీల ప్రకటనలు మోస్తున్నాయి.

గోడలకు ఆ నీలం పలకలు ఎందుకు?

అజులేజు అంటారు. మాట అరబ్బీది, 'నున్నటి రాయి' అని అర్థం. నీలానికి పోర్చుగీసులో 'అజుల్' అంటారు గానీ ఈ పేరు దాని నుంచి రాలేదు. అట్లాంటిక్ వానలకు తడిసే ఊళ్లో, మెరుగు పూసిన పలక గోడకు రెయిన్‌కోటులా పనిచేస్తుంది. అందం తర్వాతి సంగతి. పందొమ్మిదో శతాబ్దంలో బ్రెజిల్‌లో డబ్బు సంపాదించి తిరిగొచ్చినవాళ్లు ఇంటి ముందుగోడంతా పలకలు వేయించే ఒరవడిని పెంచారు.

అన్నిటికంటే పేరున్నది సావో బెంతో రైల్వే స్టేషను. కూల్చిన సన్యాసినుల మఠం స్థలంలో కట్టి 1916లో తెరిచారు. లోపల సుమారు 20,000 పలకల మీద జోర్జ్ కొలాసు గీసిన యుద్ధాలు, పెళ్లి ఊరేగింపు, కోతలు, తిరునాళ్లు ఉంటాయి. సెవుతా దండయాత్ర కూడా ఉంది, వెతకండి. చూసేవాళ్లంతా తలలెత్తి నిలబడితే, ఉద్యోగాలకు పరుగెత్తే ఊరివాళ్లు వాళ్లను తప్పించుకుంటూ ప్లాట్‌ఫారం వైపు పోతుంటారు. అది పనిచేసే స్టేషను, దారి వదలాలి.

పాత పలకలకు దొంగల బెడద ఉంది. సంతల్లో పాత పలక కొనేముందు అది ఏ గోడ నుంచి ఊడి వచ్చిందో ఆలోచించండి. మునిసిపాలిటీ వస్తు బ్యాంకు ఒకటి నడుపుతుంది. కూలగొట్టిన ఇళ్ల పలకలు అక్కడ దాచి, పాత ఇల్లు బాగుచేసుకునేవాళ్లకు జోడు కుదిరితే ఉచితంగా ఇస్తారు. అతుకు కనబడనివ్వని ఈ పద్ధతి మన చెట్టినాడు, హైదరాబాదు పాత ఇళ్లకు ఎందుకు లేదా అనిపిస్తుంది.

మాంత్రిక బాలుడు హ్యారీ పాటర్ కథలకు ఇక్కడి పుస్తకాల షాపే ప్రేరణట?

కాదు. ఆ రచయిత్రి జె.కె. రౌలింగ్ 1990ల మొదట్లో పోర్టోలో ఇంగ్లిష్ పాఠాలు చెప్పిన మాట నిజం. లెల్లో పుస్తకశాలలో తాను ఎప్పుడూ అడుగుపెట్టలేదని 2020లో ఆవిడే తేల్చి చెప్పారు. అయినా క్యూ తగ్గలేదు. 1906 నాటి ఆ షాపు ఎర్రటి మెలిక మెట్లు చూడటానికి అందమైనవే. లోపలికి వెళ్లడానికి టికెట్టు కొనాలి, పుస్తకం కొంటే ఆ డబ్బు మినహాయిస్తారు.

సావో జువావు పండగ రాత్రి తలల మీద సుత్తితో కొడతారా?

కొడతారు. ప్లాస్టిక్ సుత్తి, కొడితే కీచుమంటుంది. జూన్ 23 రాత్రి ఊరంతా వీధుల్లోనే ఉంటుంది. ఎదురైన ప్రతి మనిషి తలా మీ వంతు, మీ తల వాళ్ల వంతు. ముసలమ్మలు మరీ గురిచూసి కొడతారు. పాతకాలంలో సుత్తికి బదులు వెల్లుల్లి జాతి మొక్క పొడవాటి కాడ, చివర గుండ్రటి పువ్వు. దాన్ని ఎదుటివాళ్ల ముక్కు మీద రుద్దేవాళ్లు. ఇప్పటికీ కొందరు అదే పట్టుకొని తిరుగుతారు.

ఆ రోజు ప్రతి కిటికీలో 'మంజెరికు' అనే చిన్న కుండీ ఉంటుంది. గుండ్రంగా బంతిలా పెరిగే చిట్టి ఆకుల మొక్క, మన తులసికి దగ్గరి చుట్టం. అందులో ఒక చిన్న కాగితపు జెండా గుచ్చి, దాని మీద నాలుగు పాదాల ప్రేమ పద్యమో వేళాకోళమో రాస్తారు. దానికి ముక్కు ఆనించి వాసన చూడకూడదు, వాడిపోతుందంటారు. అరచేత్తో పైపైన నిమిరి, ఆ చేతిని వాసన చూసుకోవాలి. తులసి కోటకు కాళ్లు తగలకూడదని పెరిగినవాళ్లం, ఈ నియమం మనకు వెంటనే పడుతుంది.

వీధి పొయ్యిల మీద సార్డీన్ చేపల పొగ, ఆకాశంలో కాగితపు దీపపు బుడగలు, అర్ధరాత్రి నది మీద బాణసంచా. కాస్త ఓపిక ఉన్నవాళ్లు తర్వాత సముద్రం దాకా నడిచి తెల్లవారేదాకా ఉంటారు. మర్నాడు రబేలు పడవల పందెం.

శాకాహారులు ఏం తింటారు?

కష్టపడతారు. ఈ ఊరి పేరు మోసే ఫ్రాన్సెజీన్యా అనే రొట్టె పొరల మధ్య మూడు నాలుగు రకాల మాంసం ఉంటుంది. పైన కరిగిన జున్ను, దాని చుట్టూ బీరు, టమాటా కలిపిన వేడి పులుసు. ఒకటి తింటే రాత్రికి వంట అక్కర్లేదు. శాకాహార రకం ఇప్పుడు చాలాచోట్ల దొరుకుతుంది. పులుసు మాత్రం మాంసంతో చేశారేమో అడగాలి. బంగాళాదుంప, సన్నగా తరిగిన ఆకుకూరతో చేసే 'కాల్దు వెర్ద్' సూపు క్షేమం అనుకుంటాం. అందులోనూ పంది మాంసం ముక్క ఒకటి తేలుతుంది. ముందే వద్దని చెప్పాలి. మొక్కజొన్న రొట్టె బ్రోవా, ఆలివ్ నూనె, జున్ను, పళ్లు ఉంటే పూట గడుస్తుంది.

చేప తినేవాళ్లకు బెంగ లేదు. ఎండిన కాడ్ చేప, బంగాళాదుంప, ఉల్లి, గుడ్డు, ఆలివ్ కాయలు కలిపే ఒక వంటకం ఈ ఊళ్లోనే పుట్టింది. పోర్చుగల్ సముద్రంలో ఆ చేప దొరకదు. శతాబ్దాలుగా ఉత్తర అట్లాంటిక్ నుంచి ఉప్పు పట్టించి తెచ్చుకుంటారు. అమెరికా ఖండపు మిరపకాయను మన దగ్గరికి చేర్చినవాళ్లు తాము మాత్రం దాన్ని ఇంత పొదుపుగా వాడటం గుంటూరు మనిషికి అర్థం కాదు.

లిస్బన్‌కూ పోర్టోకూ పడదా?

నోటిపోరు ఉంది. 'పోర్టో పనిచేస్తుంది, బ్రాగా ప్రార్థిస్తుంది, కోయింబ్రా చదువుకుంటుంది, లిస్బన్ జల్సా చేస్తుంది' అని పాత సామెత. చెప్పేది ఎవరో వేరే చెప్పాలా? వీళ్లు బోటీ తినేవాళ్లయితే లిస్బన్‌వాళ్లు 'చిట్టి లెట్యూస్‌లు', అంటే పచ్చిగా తినే ఒక ఆకుకూర. గ్లాసు బీరు లిస్బన్‌లో 'ఇంపెరియాల్', పోర్టోలో 'ఫీను'. పాతతరం ఇక్కడ కాఫీని 'సింబలీను' అంటారు, ఇటలీ కాఫీ యంత్రం పేరు మీద. ఉత్తరాదివాళ్ల నోట 'వ' కాస్తా 'బ' అవుతుంది. వైన్‌ను పిలిచే వీన్యు అన్న మాట 'బీన్యు' అయిపోతుంది. ఫుట్‌బాల్ రోజున ఈ తేడాలన్నీ ఒక్కచోట చేరతాయి. 1987లోనూ 2004లోనూ యూరప్ కప్పు గెలిచిన ఎఫ్‌సీ పోర్టో గురించి తేలిగ్గా మాట్లాడకండి.

పాత ఊళ్లో ఇప్పుడు ఎవరైనా కాపురం ఉంటున్నారా?

ఉంటున్నారు, తగ్గిపోతున్నారు. 1981లో నగరపాలక హద్దుల్లో సుమారు 3,27,000 మంది ఉంటే, 2021లో సుమారు 2,32,000. చుట్టుపక్కల పట్టణాలు కలిపితే 17 లక్షల పైమాటే. అంటే జనం పోలేదు, బయటికి జరిగారు.

ముందు వచ్చింది శిథిలావస్థ. దశాబ్దాల పాటు అద్దెలు పెంచకుండా కట్టడి ఉండటంతో యజమానులు మరమ్మతులు మానేశారు. కప్పులు కూలాయి. 1996లో పాత ఊరు యునెస్కో జాబితాకెక్కింది. తర్వాత చవక విమానాలు వచ్చాయి. ఇళ్లు బాగుపడ్డాయి, అయితే బాగుపడ్డ ఇంట్లోకి పాత మనిషి తిరిగి రాలేదు. రిబెయిరా సందుల్లో గుమ్మాల పక్కన చూస్తూ నడవండి. 'ఏఎల్' అనే రెండక్షరాల చిన్న పలక ఉంటే అది పర్యాటకుల బస. కొన్ని వీధుల్లో వరసగా అవే ఉంటాయి. మధ్యలో ఒక కిటికీకి దుప్పట్లు, బనియన్లు ఆరేసి కనిపిస్తాయి. ఆ ఇంటికి చక్రాల పెట్టె లాక్కుంటూ ఎవరూ రారు.

పేదల ఇళ్ల సంగతి ఇక్కడ పాతదే. పందొమ్మిదో శతాబ్దంలో మిల్లులకు పల్లెల నుంచి జనం వచ్చిపడినప్పుడు, మధ్యతరగతి ఇళ్ల పెరళ్లలో ఇరుకు సందు తీసి, దాని పక్కన వరసగా ఒంటిగది కొంపలు కట్టి అద్దెకిచ్చారు. వాటిని 'ఇల్యా' అంటారు, అంటే ద్వీపం. ఒక్కో ఇల్లు పదహారు చదరపు మీటర్లు ఉంటే గొప్ప. మరుగుదొడ్డి ఉమ్మడి. వీధిలోంచి చూస్తే పెద్దింటి తలుపే కనిపిస్తుంది, వెనక ద్వీపం ఉన్నట్టు తెలియదు. కొన్నిటిలో ఇప్పటికీ జనం ఉంటున్నారు. నియంతృత్వాన్ని కూల్చిన 1974 విప్లవం తర్వాత పేటవాసులే వాస్తుశిల్పులతో కలిసి ఇళ్లు గీయించుకున్న పథకం కింద ఆల్వరు సీజా రూపొందించిన బోసా ఇళ్లు 1970లలో మొదలై, సగంలో ఆగి, 2006 నాటికి గానీ పూర్తికాలేదు. ఈలోగా ఆయనకు వాస్తుశిల్పులకిచ్చే పెద్ద పురస్కారం ప్రిట్జ్‌కర్ బహుమతి కూడా వచ్చేసింది.

పర్యాటకం వల్ల పని దొరికింది, కూలిన ఇళ్లు నిలబడ్డాయి అనేవాళ్ల మాటా కాదనలేం. ఈసారి ఊరు ఇచ్చేస్తున్నది మాత్రం తన సొంత ఇంటిని. బోల్యావు మార్కెట్ విషయంలో కాస్త మేలు జరిగింది. ఏళ్ల తరబడి మరమ్మతుల తర్వాత 2022 సెప్టెంబరులో తెరిచినప్పుడు, పాత కూరగాయల, చేపల అమ్మకందార్లలో చాలామంది తమ చోటికి తిరిగొచ్చారు. సందడి ఎక్కువ ఉన్న వేళ కాకుండా పొద్దున్నే వెళ్తే వాళ్లు మీతో మాట్లాడతారు.

భారతీయులు ఉన్నారా? తెలుగువాళ్లకు అక్కడ నెగ్గుకురావడం ఎలా?

ఉన్నారు. సావో బెంతో పక్క వీధుల్లో బంగ్లాదేశీ, నేపాలీ, భారతీయ దుకాణాలు కనిపిస్తాయి. కందిపప్పు, పచ్చిమిర్చి దొరుకుతాయి. పోర్టో విశ్వవిద్యాలయం 1911 నాటిది, ఇంజనీరింగ్‌కు మంచి పేరుంది. యువతరంతో ఇంగ్లిష్ చెల్లుతుంది. ఆఫీసు కాగితాలు, అద్దె ఒప్పందాలు, ఆసుపత్రి వరసలు మాత్రం పోర్చుగీసులోనే నడుస్తాయి. స్పానిష్ వచ్చు కదా అని అందులో మొదలుపెట్టకండి. అర్థం చేసుకుంటారు గానీ మొహం ముడుచుకుంటారు. చలికాలంలో ఇళ్లు లోపల బయటికంటే చల్లగా అనిపిస్తాయి. గ్రానైటు గోడలు, తేమ, వేడి చేసే ఏర్పాటు అంతంతమాత్రం. అద్దెకు చూసేటప్పుడు గోడ మూలల్లో బూజు మరకలు వెతకండి.

ఎప్పుడు వెళ్లాలి? ఒక్క సాయంత్రమే చేతిలో ఉంటే?

జూన్ నుంచి సెప్టెంబరు దాకా పొడి వాతావరణం. నవంబరు నుంచి వానలు. ఎండ ఎంతున్నా సముద్రం నీళ్లు మంచులా ఉంటాయి. విమానాశ్రయం నుంచి మెట్రోలో నేరుగా ఊళ్లోకి రావచ్చు. లిస్బన్ నుంచి రైల్లో సుమారు మూడు గంటలు. చెప్పులు జారనివి వేసుకోండి, తడిసిన రాతివీధులు నున్నగా ఉంటాయి.

ఒక్క సాయంత్రమే ఉంటే చర్చీలు, షాపులు వదిలేయండి. కెథడ్రల్ ముంగిట మొదలుపెట్టి, అక్కడి నుంచి లూయిస్ వంతెన పై అంతస్తు మీదుగా పిలార్ మఠం దాకా నడవండి. పొద్దు సముద్రం వైపు వాలుతుంటే ఎదురుగా ఊరంతా, ఎర్ర పెంకుల కప్పులతో, నది దాకా జారుతున్నట్టుంటుంది. వంతెన మీద పట్టాల మధ్య నిలబడి ఫొటోలు తీసుకోకండి. మెట్రో నెమ్మదిగానే వస్తుంది, గంట కూడా కొడుతుంది. ఆగుతుందని మాత్రం అనుకోవద్దు.